క్షమించుట యనగా ఫిర్యాదు మానుకొనుటయా?

(చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 13వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 23:12–24, రోమీయులకు 13:1–4)



మన గ్రామ సంఘములలో ఈ దినములలో తరచుగా వినబడుచున్న మాట యొకటి కలదు. ఒక యింటి ఆడబిడ్డ ప్రొద్దుటూరుకో, జమ్మలమడుగుకో, పులివెందులకో చదువు నిమిత్తము పోవుచుండును. ఒక యువకుడు దినదినమును ఆమె వెంట పడును. బస్సు దిగు చోట కాచుకొని యుండును. వద్దని చెప్పినను ఫోనులో మాట మీద మాట పంపుచుండును. ఆమె నంబరు మార్చుకొనినయెడల స్నేహితురాండ్రను పీడించి క్రొత్త నంబరు సంపాదించును. తలిదండ్రులు పోలీసు స్టేషనుకు పోవుదుమా యని యోచించునంతలో పెద్దలు కొందరు కలిసి కాపరి యొద్దకు వచ్చెదరు. "అయ్యగారూ, పిల్లవాడు తెలిసీ తెలియక చేసినాడు. వాడూ మన సంఘములోని బిడ్డే గదా. కేసు పెడితే వాని బ్రతుకు పాడైపోతుంది. ఆ పిల్ల పేరు కూడా నలుగురి నోళ్లలో పడుతుంది. క్షమించమని మీరైనా ఒక మాట చెప్పండి" అందురు.

ఈ మాటను ఒక్కసారిగా త్రోసివేయకూడదు. ఇందులో కొంత జాలి యున్నది. కొంత భయమును ఉన్నది. క్షమాపణను గూర్చి ఆదివారము బోధించు మనము సోమవారము దానిని మరచినట్లు కనబడుట ఎవరికిని ఇష్టముండదు. అయినను నిజముగా విచారింపవలసిన ప్రశ్న ఇది: క్షమించుట యనగా ఫిర్యాదు మానుకొనుటయా? చట్టమునకు అప్పగించిన విశ్వాసి క్షమింపనివాడగునా? లేఖనము ననుసరించి దీనిని నెమ్మదిగా ఆలోచింతము.

చట్టము చెప్పుచున్నదేమి?

మొదట దేశ చట్టమును తెలిసికొందము. తెలియని దానిని గూర్చి తీర్పు చెప్పరాదు గదా. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలో స్త్రీ మర్యాదకు భంగము కలిగించుటను గూర్చిన సెక్షనులు ఉండెను గాని, వెంటాడుట అను నేరము ప్రత్యేకముగా లేకుండెను. ఇతర దేశములలోను ఇది క్రొత్త చట్టమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, ఒక యువనటిని వెంటాడినవాడు ఆమెను ఇంటి వాకిటనే కాల్చి చంపిన పిమ్మట, 1990లో అట్టి చట్టము చేసెను. మన దేశములో 2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన ఘోరము తరువాత జస్టిస్ వర్మ గారి అధ్యక్షతను ఒక సంఘము ఏర్పడి, 2013 జనవరి 23న నివేదిక సమర్పించెను. ఆ సంవత్సరమే శిక్షాస్మృతిలో 354-డి అను సెక్షను చేర్చబడెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదియే 78వ సెక్షనుగా నున్నది.

దాని సారాంశము ఇది. స్త్రీ తనకు ఇష్టము లేదని స్పష్టముగా తెలియజేసిన తరువాత, ఆమెతో చనువు పెంచుకొనుటకై మరల మరల ఆమెను వెంబడించి మాటలాడుట గాని, మాటలాడ యత్నించుట గాని నేరము. ఆమె ఇంటర్నెట్టులో, ఈమెయిలులో ఏమి చేయుచున్నదో కనిపెట్టుచుండుటయు నేరమే. మొదటిసారి నేరము రుజువైనచో 3 సంవత్సరముల వరకు జైలు, జరిమానా. మరల చేసినచో 5 సంవత్సరముల వరకు జైలు, జరిమానా. మొదటిసారి చేసినవానికి బెయిలు హక్కుగా లభించును. రెండవసారి అట్లు కాదు. ఇది వారెంటు లేకుండ పోలీసులు అరెస్టు చేయదగిన నేరము. ఇరుపక్షములును రాజీ చేసికొనదగిన నేరముల పట్టికలో చట్టము దీనిని చేర్చలేదు.

బాధితురాలు 18 ఏండ్లు నిండని బాలిక యైనచో, పోక్సో అను 2012వ సంవత్సరపు చట్టము కూడ వర్తించును. లైంగికోద్దేశముతో బాలికను మాటిమాటికి వెంబడించుట, కనిపెట్టుట, ఫోను మొదలగు వాటి ద్వారా పలుకరించుట ఆ చట్టము క్రింద 3 సంవత్సరముల వరకు జైలు విధింపదగిన నేరము. అంతే కాదు. అట్టి నేరము జరిగినదని ఎరిగిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెనని ఆ చట్టము 19వ సెక్షను ఆజ్ఞాపించుచున్నది. తెలుపని వానికి 21వ సెక్షను క్రింద 6 నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కాపరికిని, సంఘ పెద్దకును, హాస్టలు వార్డెనుకును ఇందులో మినహాయింపు లేదు. కాబట్టి ఇంటర్మీడియటు చదువుచున్న బాలిక విషయమును చావడిలో కూర్చుండి "సర్దుబాటు" చేయు పెద్దలు తామే చట్టమును మీరుచున్నారని గ్రహింపవలెను.

"కాదు" అను మాటకు విలువ

ఈ చట్టమంతయు ఒక్క మాట మీద నిలిచియున్నది: "ఆమె ఇష్టము లేదని తెలిపిన తరువాత". ఒకడు ఒక కన్యను ఇష్టపడుట నేరము కాదు. మర్యాదగా పెద్దల ద్వారా అడుగుట నేరము కాదు. ఆమె కాదనినప్పుడు ఆ మాటను లెక్కచేయకుండుటయే నేరమునకు వాకిలి. మన మాట అవునైనచో అవునుగాను, కాదైనచో కాదుగాను ఉండవలెనని ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 5:37). మన నోట నుండి వచ్చు "కాదు"కు అంత బరువు నిచ్చిన ప్రభువు, ఒక ఆడబిడ్డ నోట వచ్చు "కాదు"కు బరువు లేదనునా?

"వెంబడించుట" అను మాట మనకు పరిశుద్ధమైన మాట. శిష్యులు వలలు విడిచి ప్రభువును వెంబడించిరి. అయితే ప్రభువు తన్ను కాదనిన వారిని ఎట్లు చూచెనో గమనించుడి. ధనవంతుడైన ఆ మనుష్యుని ఆయన ప్రేమించెనని మార్కు సువార్త 10వ అధ్యాయము చెప్పుచున్నది. వాడు ముఖము చిన్నబుచ్చుకొని వెళ్లిపోయినప్పుడు ఆయన వాని వెంట పరుగెత్తలేదు. గెరాసేనుల దేశస్థులు తమ ప్రాంతము విడిచిపొమ్మని బతిమాలుకొనగా ఆయన దోనె యెక్కెను (మార్కు 5:17, 18). ప్రకటన గ్రంథములో ఆయన తలుపునొద్ద నిలిచి తట్టుచున్నాడు. గడియ విరుగగొట్టుట లేదు. సర్వాధికారము గలవాడే మనుష్యుని "కాదు"ను గౌరవించుచుండగా, మన యువకుడు దానిని త్రొక్కి "ఇది ప్రేమ" యనుట ఎట్లు చెల్లును?

దావీదు మౌనము

సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయమును మనము సంఘములో బహు అరుదుగా చదువుదుము. అది చెవులకు కష్టముగా నుండును. అయితే మన ప్రశ్నకు అంతకంటె స్పష్టమైన జవాబు మరియొక చోట లేదు.

దావీదు కుమారుడైన అమ్నోను తామారును చూచి చిక్కిపోయెను. వానికి యోనాదాబు అను స్నేహితుడొకడుండెను. అతడు బహు కపటము గలవాడు. "రోగివలె పడుకొనుము, నీ తండ్రి ఆమెను నీయొద్దకు పంపును" అని ఉపాయము చెప్పినవాడు అతడే. నేటి యోనాదాబులు టీ అంగడి యొద్ద కూర్చుండి, "ఆడపిల్లలు మొదట వద్దనే అంటారురా, విడువకుండా తిరుగు" అని చెప్పుదురు. కథానాయకుడు నాయిక వెంటబడి వెంటబడి ఆమె మనస్సు మార్చినట్లు చూపు సినిమాలును యోనాదాబు ఉపదేశమునే చేయుచున్నవి.

తామారు మౌనముగా ఉండలేదు. వద్దనెను. ఇట్టి పని ఇశ్రాయేలులో చేయకూడదనెను. తన అవమానమును తలంచుమనెను. అతడు దుర్మార్గులలో ఒకడగునని హెచ్చరించెను. ఇంత తేటగా పలికిన "కాదు" బైబిలులో తక్కువగా నుండును. అమ్నోను వినలేదు. బలాత్కారము చేసిన పిమ్మట ఆమెను ప్రేమించినదానికంటె ఎక్కువగా ద్వేషించెనని వ్రాయబడియున్నది. కాబట్టి మొదట నుండినదియు ప్రేమ కాదు. ప్రేమ యైనచో అంత త్వరగా ద్వేషము కానేరదు.

ఇప్పుడు తండ్రిని చూడుడి. దావీదు సంగతి విని బహుగా కోపగించెను. అంతటితో వాక్యము ముగియుచున్నది. కోపగించి ఏమి చేసెనని వెదకినచో ఏమియు లేదు. అమ్నోను జ్యేష్ఠ కుమారుడు గనుక అతని మనస్సు నొప్పింపలేదని కొన్ని ప్రాచీన ప్రతులలో ఒక మాట అధికముగా నున్నది. రాజే న్యాయాధిపతి. ఆయన న్యాయపీఠమెక్కి తీర్పు చెప్పవలసిన దినమున తండ్రియై ఇంట కూర్చుండెను. "మన బిడ్డే గదా" అను మాట మన సంఘములలో పుట్టినది కాదు. అది దావీదు ఇంటిలోనే పుట్టెను.

ఆ మౌనము అమ్నోనుకు మేలు చేసెనా? రెండు సంవత్సరములు గడిచెను. బయల్హాసోరులో గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు విందులో అబ్షాలోము పనివారు అమ్నోనును చంపిరి. తండ్రి వానిని దండించియుండినచో వాడు బ్రతికియుండునేమో. దండింపకుండుట దయ యని తలంచిన తండ్రి ఇద్దరు కుమారులను పోగొట్టుకొనెను. తామారు మాత్రము చెరుపబడినదై తన అన్న యింట ఉండిపోయెను. ఆమెను ఎవరును అడుగలేదు.

మన కాలమునకు వత్తము. 2024 అక్టోబరులో మన కడప జిల్లాలోనే, బద్వేలు సమీపమున, ఇంటర్మీడియటు చదువుచున్న ఒక బాలికపై పరిచయస్థుడైన యువకుడు పెట్రోలు పోసి నిప్పంటించెనని కేసు నమోదాయెను. ఆ బిడ్డ మరుసటి దినమే కడప ఆసుపత్రిలో కన్నుమూసెను. 2021 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినమున, గుంటూరులో ఇంజనీరింగు చదువుచున్న ఒక యువతిని పట్టపగలు నడివీధిలో ఒకడు కత్తితో పొడిచి చంపెను. ఇన్‌స్టాగ్రాములో పరిచయమైనవాడు, ఆమె మాటలాడుట మానినందున పగబట్టినవాడు. గుంటూరు ప్రత్యేక న్యాయస్థానము 2022 ఏప్రిల్ 29న అతనికి మరణశిక్ష విధించెను. ఆ యువతి తలిదండ్రుల దుఃఖము చెప్పనలవి కాదు. అయితే ఆ యువకునికిని తల్లి యున్నది గదా. ఇట్టివాడు మొదటి వారములోనే స్టేషను మెట్లెక్కి, మూడేండ్ల శిక్ష అను మాట విని భయపడి ఆగినచో, రెండు ఇండ్లలో దీపము మిగిలియుండును. ఫిర్యాదు చేసిన ప్రతి చోటను కీడు తప్పునని నేను చెప్పను. దాచిన చోట కీడు పెరుగునని మాత్రము లేఖనమును లోకానుభవమును చెప్పుచున్నవి. చెడ్డ క్రియకు త్వరగా శిక్ష కలుగకపోవుట చూచి మనుష్యులు భయము విడిచి దుష్క్రియలు చేయుదురని ప్రసంగి 8వ అధ్యాయములో ఏనాడో వ్రాయబడెను.

అబ్షాలోము కత్తి

దావీదు మౌనమునకు ప్రతిగా మనవారికి తెలిసిన మరియొక మార్గము అబ్షాలోము కత్తి. అతడును మొదట తామారుతో, "ఊరకుండుము, అతడు నీ సహోదరుడే గదా" అనెను. ఆమె నోరు మూయించి, తాను మాత్రము పగను కడుపులో దాచుకొనెను. అతనికి కావలసినది చెల్లెలికి న్యాయమా, తన యింటి పరువా, అది దేవునికే తెలియును.

జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు ప్రాంతములవారికి ఈ కత్తిని గూర్చి ఎవరును బోధింప నక్కరలేదు. ముఠా కక్షలలో ఒకనికి బదులు ఒకడుగా తరములు తరిగిపోయిన ఊళ్లు మన కన్నుల యెదుటనే యున్నవి. "మా ఆడబిడ్డ జోలికి వచ్చినవాని కాళ్లు విరుగగొట్టుదుము" అని లేచువారికి చప్పట్లు కొట్టువారు అనేకులు. ఆ దెబ్బలలో వాడు చచ్చినచో, హంతకుడగువాడు ఆ బిడ్డ అన్నయే. ఆమె పెండ్లి చేయవలసిన అన్న జైలులో నుండును. పగ తీర్చుకొనుట తన పని యని దేవుడు చెప్పియుండగా (రోమా 12:19) మనము ఆయన చేతిలోని పనిని లాగికొనుచున్నాము.

2008 డిసెంబరు 10న వరంగల్లులో స్కూటరుపై ఇంటికి పోవుచున్న ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై ముగ్గురు యువకులు యాసిడు పోసిరి. ఇద్దరిలో ఒకతె ఆ నెలాఖరున మరణించెను. నిందితులు ముగ్గురును డిసెంబరు 13న పోలీసు కాల్పులలో చనిపోయిరి. అనేకులు సంతోషించిరి. ఆ తలిదండ్రుల మంటను మనము తక్కువ చేయరాదు. అయినను కోర్టు చెప్పవలసిన మాట చెప్పబడలేదు. సాక్ష్యము విచారింపబడలేదు. న్యాయము ఆలస్యమగునను నిరాశలో నుండియే అట్టి సంతోషము పుట్టుచున్నది. అబ్షాలోము కత్తికి జనులు ఆశపడునది దావీదు సింహాసనము ఊరకున్న దేశములోనే. నేడు యాసిడు దాడికి 10 సంవత్సరములకు తక్కువ కాని జైలు, యావజ్జీవము వరకు శిక్ష చట్టములో నున్నది. కత్తి పట్టు అధికారమును దేవుడు ఎవనికి ఇచ్చెనో రోమా పత్రిక 13వ అధ్యాయము చెప్పుచున్నది. అది అన్నదమ్ములకు కాదు, ఊరి గుంపుకు కాదు. కీడు చేయువానికి శిక్ష విధించుటకు నియమింపబడిన అధికారికే. ఆ అధికారియు విచారణ అనంతరమే దానిని వాడవలెను.

ఇదే కత్తి మరియొక రీతిగా కూడ తిరుగును. బిడ్డ ఇష్టపడి, యుక్తవయస్సున, వేరు కులపువానిని కోరుకొనినప్పుడు, "వాడు మా పిల్లను వేధించుచున్నాడు" అని తప్పుడు ఫిర్యాదు చేయించువారును కలరు. ఇదియు అన్యాయమే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత క్రైస్తవ యువకుడు తన భార్య కన్నుల యెదుటనే చంపబడెను. ఆమె తండ్రియే చంపించెనని కేసు సాగెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవ శిక్షయు విధించెను. అక్కడ ఆ బిడ్డ "అవును" అనినది. ఆ మాటకు విలువ లేకపోయెను. వెంటాడువాడు ఆమె "కాదు"ను త్రొక్కును. పరువు కొరకు చంపువాడు ఆమె "అవును"ను త్రొక్కును. ఇద్దరును ఒకటే తలంచుచున్నారు: ఆమె నోటి మాట ఆమెది కాదని. సంఘము రెండింటిని ఎదిరింపవలెను. కాబట్టి ఫిర్యాదు వ్రాయుటకు ముందు ఆ బిడ్డనే అడుగుడి. ఆమె చెప్పునది వినుడి. అబద్ధసాక్షి తన సహోదరునికి చేయదలచిన కీడు వానికే చేయవలెనని ధర్మశాస్త్రము చెప్పినదనియు (ద్వితీ. 19:16–19) మరువకుడి.

క్షమాపణ ఎక్కడ నున్నది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. క్రైస్తవుడు క్షమింపవలెను, ఇందులో సందేహము లేదు. అయితే క్షమించుట వేరు, శిక్షను తీసివేయుట వేరు. సిలువ మీది దొంగను జ్ఞాపకము చేసికొనుడి. తాము చేసినదానికి తగిన ఫలము పొందుచున్నామని అతడు ఒప్పుకొనెను. ప్రభువు ఆ దినమే అతనికి పరదైసు ననుగ్రహించెను. అతనిని సిలువ మీదనుండి దింపలేదు. క్షమింపబడినవాడై అతడు ఆ శిక్షను సహించెను. దావీదు పాపమును దేవుడు పరిహరించెనని నాతాను చెప్పెను. అదే నోట, ఖడ్గము నీ యింటిని విడువదనియు చెప్పెను. జక్కయ్య రక్షణ పొందిన దినమున నాలుగంతలు మరల చెల్లించుటకు లేచి నిలిచెను. మారుమనస్సు నిజమైనచో శిక్షకు పారిపోదు. వెంటాడినవానికి తగిన మొదటి మారుమనస్సు ఫలము ఆ బిడ్డకు దూరముగా నుండుటయే. క్షమాపణ అడుగుట పేరుతో మరల ఆమె వాకిటికి వచ్చుట కూడ వెంటాడుటయే యగును.

ఇంకొకటి. క్షమించు హక్కు గాయపడినదానిది. ఆమె తరఫున తండ్రియు, పెద్దయు, కాపరియు క్షమింపజాలరు. పొరుగువాని పొలములో పంటను నేను దానము చేయుట ఎట్టిదో, తామారు గాయమును దావీదు క్షమించుట అట్టిది. ఆమె హృదయములో క్షమాపణ కలిగినచో అది దేవుని కృప. దానిని త్వరపెట్టుటకు మనకు అధికారము లేదు. క్షమించిన తరువాత ఆమె న్యాయస్థానములో సాక్ష్యము చెప్పినను ఆ క్షమాపణ అబద్ధము కాదు.

సహోదరుడు సహోదరునిపై వ్యాజ్యెమాడరాదని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయమును కొందరు ఎత్తిచూపుదురు. అక్కడ పౌలు మాటలాడినది ఈ జీవనమునకు సంబంధించిన లావాదేవీలను గూర్చి. నష్టము సహింపుడనుట కూడ వాటిని గూర్చియే. గట్టు తగవు, అప్పు తగవు సంఘములో తీర్చుకొనుట మంచిది. ఒక బిడ్డ ప్రాణమును మానమును ఆ లెక్కలో వేయరాదు. ఆ పౌలే తన ప్రాణమునకు అపాయము కలిగినప్పుడు ఏమి చేసెను? నలువదిమందికంటె ఎక్కువమంది ఆయనను చంపువరకు అన్నపానములు ముట్టమని ఒట్టు పెట్టుకొని పొంచియుండిరి. పౌలు మేనల్లుడు ఆ కుట్ర విని కోటలోనికి వచ్చి చెప్పెను. పౌలు అతనిని సహస్రాధిపతి యొద్దకు పంపెను. ఆ అధికారి చిన్నవాని చెయ్యి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి అడిగి విని, 200 మంది సైనికులను, 70 మంది గుఱ్ఱపు రౌతులను, 200 మంది ఈటెలవారిని తోడిచ్చి ఆ రాత్రియే పంపెను. పొంచియున్నవారిని గూర్చి అధికారికి తెలుపుట అవిశ్వాసమని పౌలు తలంపలేదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి యొద్దకు మరల మరల పోయిన విధవరాలిని కూడ ప్రభువు తప్పు పట్టలేదు.

సంఘము చేయదగినవి

బోయజు చేసినది మనకు మాదిరి. రూతు పరదేశి, పేదరాలు, పరిగె యేరుకొనుటకు పొలమునకు వచ్చినది. ఏ తప్పును జరుగక మునుపే, ఆమెను ముట్టకూడదని అతడు తన పనివారికి ఆజ్ఞాపించెను (రూతు 2:9). మన తలిదండ్రులు కుమార్తెకు పది జాగ్రత్తలు చెప్పుదురు. కుమారునికి ఒక్కటియు చెప్పరు. బోయజు రూతుకు ఆదరణ మాట చెప్పెను. ఆజ్ఞ మాత్రము మగవారికే ఇచ్చెను. యవ్వనుల కూడికలో ఈ అధ్యాయము చదివించుడి. "కాదు" అనిన తరువాత ఒక్క అడుగైనను ముందుకు వేయకుండుట క్రైస్తవ పురుషత్వమని నేర్పుడి.

బిడ్డ వచ్చి చెప్పినప్పుడు మొదట నమ్మి వినుడి. "నీవు ఏమి చేసితివి?" అను ప్రశ్నతో మొదలు పెట్టకుడి. ఆమె చదువు మాన్పించుట, తొందరపడి పెండ్లి చేయుట అనునవి వెంటాడినవాని శిక్షను ఆమెపై వేయుటయే. మన ప్రాంతమున లండను మిషనువారి కాలము నుండి ఆడబిడ్డల చదువు కొరకు సంఘము ఎంతో ప్రయాసపడెను. ఆ ఫలమును ఒక యువకుని మొండితనమునకు అప్పగింపరాదు.

అతడు పంపిన మాటలను, ఫోను పిలుపుల వివరములను చెరిపివేయక భద్రపరచుడి. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడవలెనని లేఖనము కోరుచున్నది. న్యాయస్థానమును అట్లే కోరుచున్నది. వద్దని చెప్పినది ఎప్పుడో, ఎట్లో వ్రాసియుంచుడి. అపాయము దగ్గరనున్నచో 112కు ఫోను చేయవచ్చును. స్త్రీల సహాయమునకు 181, బాలల కొరకు 1098 నంబరులు గలవు. నేరము ఏ ఊరిలో జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. ఈ నేరమునకు బాధితురాలి మాటను స్త్రీ అధికారియే వ్రాసికొనవలెనని 2023వ సంవత్సరపు భారతీయ నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. స్టేషనులో తీసికొననియెడల కడపలోని జిల్లా ఎస్.పి. గారికి తపాలులో పంపవచ్చును. ఆ పిమ్మట మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును.

మొదటి నేరమునకు బెయిలు సులభము గనుక, ఫిర్యాదు ఇచ్చిన మరునాటి నుండియే భయము ప్రారంభమగును. ఆ దినములలో సంఘము ఆ యింటిని ఒంటరిగా విడువకూడదు. బస్సు వరకు తోడు పోవుడి. కోర్టు వాయిదా దినమున ప్రక్కన కూర్చుండుడి. ప్రార్థన విన్నపములలో ఆమె పేరు చదువకుడి. ప్రభువు పేరు లేకుండనే ఎరుగును.

ఆ యువకుని తలిదండ్రులనును విడువకుడి. వారు సిగ్గుతో గుడికి రాకపోవుదురు. వారి యింటికి పోవుడి. శిక్ష పడినచో జైలులో వానిని దర్శించుడి. చెరసాలలోనున్నవానిని దర్శించుట తన్ను దర్శించుటయేనని ప్రభువు చెప్పెను. వాని కేసు తీయించుటకు కాదు, వాని ఆత్మను కోల్పోకుండుటకు. దావీదు, తన కుమారుడు చచ్చిన తరువాత గుమ్మమునకు పైగా నున్న గదికి ఎక్కిపోయి, వాని బదులు తానే చచ్చియుండరాదా యని ఏడ్చెను. చిన్న దినమున పలుకవలసిన మాట పలుకని తండ్రి, ఆ గొప్ప దినమున కన్నీరు మాత్రము కార్చగలిగెను. మన యిండ్లలోను మన సంఘములలోను చిన్న దినమున పలుకుటకు ప్రభువు మనకు ధైర్యమిచ్చును గాక.

ప్రార్థన: నీతిగల న్యాయాధిపతివైన ప్రభువా, భయముతో దారి నడచుచున్న మా కుమార్తెలకు నీవు కాపరివై యుండుము. మా కుమారులకు లోబడు హృదయము దయచేయుము. అధికారులకు పక్షపాతము లేని మనస్సును, మా పెద్దలకు దాచిపెట్టని నోటిని అనుగ్రహించుము. తప్పిపోయినవానికి శిక్షలోనైనను నీ కృప దొరకునట్లు చేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.